పెరటి కోయి కొలను: శుభ్రత, నీటి మార్పిడి

పెరట్లోనో, ఇంటి ముందు ఖాళీ జాగాలోనో సిమెంటుతో కట్టి గానీ, గొయ్యి తవ్వి మందపాటి షీటు పరిచి గానీ కోయి చేపలు పెంచుకునే నీటి తావును కోయి కొలను అంటారు. దాని ఆలనాపాలనా అంతా రెండు పనుల చుట్టూ తిరుగుతుంది. అడుగున చేరిన మడ్డినీ, ఫిల్టర్లో పేరుకున్న మురికినీ తీసెయ్యడం ఒకటి. పాత నీళ్లు కొంత వదిలి కొత్త నీళ్లు పట్టడం రెండోది. చూడటానికి ఇంటి మీది ట్యాంకు కడుక్కోవడం లాంటి పనే అనిపిస్తుంది. కానీ కోయి పెంపకంలో ఆరితేరినవాళ్లు మురికి పట్టిన కొలను కన్నా కడగబోతున్న కొలనును చూసి ఎక్కువ భయపడతారు. చేపల్ని తొట్టిలోకి మార్చి, నీళ్లన్నీ తోడేసి, గోడలు బ్రష్షుతో రుద్ది, కుళాయి నీళ్లతో నింపిన కొలను అద్దంలా మెరుస్తుంది. మళ్లీ అందులో వదిలిన చేపలు ఆ రాత్రే తేలిపోయినా ఆశ్చర్యం లేదు. కారణం నీటి రసాయనంలో ఉంది.

చేప సంగతి

కోయి అనేది అముర్ కార్ప్ అనే మంచినీటి చేపకు మనిషి తీర్చిదిద్దిన రంగుల రూపం. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో బంగారు తీగ అని పిలిచే కామన్ కార్ప్‌కు ఇది దగ్గరి చుట్టం. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో జపాన్‌లోని నీగాటా కొండ పల్లెల్లో, ఇప్పుడు యమకోషి అంటున్న ప్రాంతంలో, రైతులు తిండికోసం పెంచుకునే చేపల్లో రంగు మచ్చలున్నవి కనబడితే ఏరి విడిగా పిల్లలు తీయించారు. 1914లో టోక్యోలో జరిగిన తైషో ప్రదర్శనతో వీటి పేరు దేశమంతా పాకింది. 2004 అక్టోబరు 23న వచ్చిన భూకంపంలో యమకోషికి దారులన్నీ తెగిపోతే, బతికిన చేపల్ని హెలికాప్టర్లలో తరలించారు. ఈ చేప విలువ ఎంతో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

నిర్వహణకు కావలసిన సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. కోయి 60 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, దశాబ్దాలు బతుకుతుంది. కార్ప్ జాతులకు జీర్ణాశయం ఉండదు. మేత నేరుగా పేగులోకి పోతుంది కనుక అది రోజంతా కొద్దికొద్దిగా తింటూనే ఉంటుంది, కొద్దికొద్దిగా విసర్జిస్తూనే ఉంటుంది. గాజు అక్వేరియంలో చిన్న చేపలకు వేసే లెక్కలు దీనికి చాలవు.

జపాన్ పెంపకందారులు శరదృతువులో మట్టి కుంటల్లోంచి చేపల్ని పట్టి ఇంటి తొట్లలోకి మారుస్తారు. ఖాళీ అయిన కుంటల్ని మళ్లీ నింపే ముందు సున్నం చల్లి సిద్ధం చేస్తారు. కైకలూరు, ఆకివీడు వైపు రైతులూ పట్టుబడి అయ్యాక చెరువును నెర్రెలిచ్చేదాకా ఎండగట్టి, సున్నం వేశాకే కొత్త నీళ్లు పెడతారు. రెండుచోట్లా ఆ పని జరిగే వేళకు చెరువులో చేప ఉండదు. పెరటి కొలనుకు ఆ వెసులుబాటు లేదు. చేప ఉండగానే, దానికి తెలియనంత నెమ్మదిగా పని నడవాలి.

నీళ్లలో ఏం జరుగుతుంది

కోయి వదిలే నత్రజని వ్యర్థంలో ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియా రూపంలో పోతుంది. మిగిలిన మేత, విసర్జన, రాలిన ఆకులు కుళ్లి మరికొంత తోడవుతుంది. సుమారు 38 శాతం ప్రొటీన్ ఉన్న మేత 100 గ్రాములు వేస్తే, లెక్కకు మూడున్నర గ్రాముల అమ్మోనియా నత్రజని నీళ్లలో చేరుతుంది. దాన్ని ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ జీవుల్ని 1890 ప్రాంతంలో వేరుచేసి చూపినవాడు రష్యన్ శాస్త్రవేత్త సెర్గెయ్ వినోగ్రాద్‌స్కీ. రెండో పని నైట్రోబ్యాక్టర్ చేస్తుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. మంచినీటి ఫిల్టర్లలో నైట్రోస్పైరాదే పెద్ద పాత్ర అని తరవాత తేలింది. మొత్తం పనిని ఒక్కటే ముగించగల నైట్రోస్పైరా రకాలూ ఉన్నాయని 2015లో బయటపడింది. వాటిలో కొన్ని దొరికింది చేపల పెంపకపు ఫిల్టర్లోనే.

ఈ సూక్ష్మజీవులు నీళ్లలో తేలుతూ ఉండవు. ఫిల్టర్లోని స్పాంజి, మ్యాటు, ప్లాస్టిక్ చక్రాల మీద, గోడల మీద, పైపుల లోపల పలచని జిగురు పొరలా అంటుకుని ఉంటాయి. అందువల్ల నీళ్లు మార్చినంత మాత్రాన అవి పోవు. గోడలు గీకితే, ఫిల్టర్‌ను కుళాయి కింద పెట్టి పిండితే మాత్రం పోతాయి. పోయినవి తిరిగి పూర్తిగా పట్టుకోవడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో చేప మాత్రం రోజూ అమ్మోనియా వదులుతూనే ఉంటుంది.

అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విద్యుదావేశం ఉన్న అమ్మోనియం, చేపకు పెద్దగా హాని చెయ్యనిది. రెండోది ఆవేశం లేని అమ్మోనియా, మొప్పల్లోకి దూసుకుపోయే విషం. ఏది ఎంత ఉంటుందో ముఖ్యంగా పీహెచ్ నిర్ణయిస్తుంది, కొంతవరకు ఉష్ణోగ్రత. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 దగ్గర విషరూపం మొత్తంలో 0.6 శాతం. పీహెచ్ 8కి అది 5 శాతం దాటుతుంది, 9కి 36 శాతం అవుతుంది. టెస్ట్ కిట్‌లో సీసా రంగు చూసి "అమ్మోనియా 1 వచ్చింది" అంటే దానికి అర్థం సగమే. పక్కన పీహెచ్ కూడా రాసుకున్నప్పుడే ఆ అంకె పనికొస్తుంది.

ఇంకో సరుకు ఉంది, ఆల్కలినిటీ. నీళ్లలోని బైకార్బొనేట్ నిల్వ అది. పీహెచ్ జారిపోకుండా పట్టి ఉంచుతుంది. భీమవరం వైపు రొయ్యల రైతులకు ఈ మాట బాగా తెలుసు, ఆక్వా ల్యాబులు ఇచ్చే చీటీలో అది తప్పకుండా ఉంటుంది. అలంకారపు చేపలు పెంచేవాళ్లు మాత్రం దాన్ని ఎక్కువగా పట్టించుకోరు. సూక్ష్మజీవులు గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి సుమారు ఏడు గ్రాముల ఆల్కలినిటీని, నాలుగున్నర గ్రాముల పైగా ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయి. రోజుకు 100 గ్రాముల మేత పడే 12,000 లీటర్ల కొలనులో ఆల్కలినిటీ రోజుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున తరిగిపోతుంది. నీళ్లు మార్చకుండా వదిలేస్తే, లీటరుకు 100 మిల్లీగ్రాములతో మొదలైన నిల్వ రెండు నెలలు కూడా ఆగదు.

పాత నీటి చిక్కు

ఆ నిల్వ అయిపోయిన రోజున పీహెచ్ దిగజారుతుంది. 6.5కో, ఇంకా కిందికో పడుతుంది. ఆమ్లపు నీళ్లలో సూక్ష్మజీవులు మందగిస్తాయి, అమ్మోనియా పోగవుతుంది. కానీ పీహెచ్ తక్కువ కనుక అది దాదాపు అంతా హాని లేని రూపంలోనే ఉంటుంది. చేపలు కాస్త డీలాగా కనిపిస్తాయి తప్ప చావవు. నెలల తరబడి నీళ్లు మార్చని కొలనుల్లో ఇదే స్థితి. "మేమెప్పుడూ మార్చలేదండీ, చేపలు బాగానే ఉన్నాయి" అనేవాళ్ల కొలనుల్లో చాలావాటి కథ ఇంతే.

ఇప్పుడు ఇంటికి చుట్టాలు వస్తున్నారని యజమాని కొలను కడగబోయాడనుకుందాం. నీళ్లలో లీటరుకు 5 మిల్లీగ్రాముల అమ్మోనియా ఉంది, పీహెచ్ 6.5. ఆ స్థితిలో విషరూపం 0.009 మిల్లీగ్రాములు మాత్రమే. సగం నీళ్లు వదిలి పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లు పట్టాడు. మొత్తం అమ్మోనియా సగానికి తగ్గి 2.5 అయింది. పీహెచ్ మాత్రం 7.8కి ఎక్కింది. విషరూపం ఇప్పుడు 0.085. మురికి సగం పోయింది, విషం తొమ్మిది రెట్లు దాటి పెరిగింది. గంటల్లోనే చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి, ఎర్రబడిన రెక్కలతో పక్కకు ఒరుగుతాయి. యజమాని బోరు నీళ్లను తిట్టుకుంటాడు.

ఇలాంటి కొలను చేతికి వస్తే ముందు మేత ఆపాలి, గాలి పంపు పెంచాలి. తరవాత రోజుకు 5 నుంచి 10 శాతం నీళ్లే మారుస్తూ, ప్రతి రోజూ పీహెచ్, అమ్మోనియా రెండూ చూసుకుంటూ పోవాలి. అమ్మోనియా దిగాక ఆల్కలినిటీ నింపడానికి వంట సోడా వాడొచ్చు. 1,000 లీటర్లకు సుమారు 17 గ్రాములు వేస్తే లీటరుకు 10 మిల్లీగ్రాములు పెరుగుతుంది. కిరాణా కొట్లో అడిగేటప్పుడు జాగ్రత్త అవసరం. చాకలి సోడా వేరు, అది పీహెచ్‌ను ఒక్కసారిగా పైకి తోస్తుంది. కేకుల్లో వేసే బేకింగ్ పౌడర్ కూడా వేరే.

ఎంత నీరు, ఎన్నాళ్లకు

ముందు కొలను ఎన్ని లీటర్లో తెలియాలి. పొడవు, వెడల్పు, లోతు మీటర్లలో గుణించి వెయ్యితో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. 4 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల నీటి లోతు ఉంటే 12,000 లీటర్లు. వంపులున్న కొలనుకు ఇది ఉజ్జాయింపే. తొలిసారి నింపేటప్పుడు వాటర్ మీటరు అంకె రాసుకున్నవాళ్లకు ఆ ఇబ్బంది ఉండదు.

వారానికి 10 నుంచి 20 శాతం అనేది పెంపకందారుల్లో స్థిరపడిన అలవాటు. పై కొలనులో 10 శాతం అంటే 1,200 లీటర్లు, గోడ మీద 12 సెంటీమీటర్లు. గోడకు ఆ మేరకు ఒక గీత గీసి పెట్టుకుంటే ప్రతిసారీ లెక్క వెయ్యనక్కర్లేదు. అత్యవసరం కాకపోతే ఒక్కసారిలో పాతిక శాతం దాటకపోవడం మంచిది. వారానికి 10 శాతం చొప్పున ఐదు వారాలు మారిస్తే మొదట ఉన్న నైట్రేట్‌లో 41 శాతం బయటికి పోతుంది, 20 శాతం చొప్పున మారిస్తే 67 శాతం. వ్యర్థం రోజూ చేరుతూనే ఉంటుంది కనుక నికరంగా తగ్గేది ఇంతకన్నా తక్కువ. తగ్గిన నీళ్లకు పైన పోసుకోవడాన్ని చాలామంది మార్పిడి అనుకుంటారు. ఎండకు ఆవిరయ్యేది నీరే, అందులో కరిగినవి కొలనులోనే ఉండి చిక్కబడతాయి. వదిలితేనే మార్పిడి.

రోజంతా సన్నని ధారగా కొత్త నీళ్లు పడుతూ, మరో వైపు పొర్లుగొట్టం గుండా పాతవి పోయే ఏర్పాటు అన్నిటికన్నా ఉత్తమం. అయితే అది నీళ్లు సమృద్ధిగా ఉన్నచోట మాట. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే వీధిలో వారానికోసారి గీత దాకా వదలడమే కుదురుతుంది.

కొత్త నీళ్లు

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. భారత తాగునీటి ప్రమాణం ప్రకారం వినియోగదారు కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. సరఫరా ట్యాంకుకు దగ్గరున్న ఇళ్లలో, వానాకాలం బ్లీచింగ్ ఎక్కువ కలిపిన రోజుల్లో ఇంకా ఎక్కువ వస్తుంది. మనిషికి రక్షణ ఇచ్చే ఆ మోతాదే చేప మొప్పల్ని కాలుస్తుంది. పదో వంతు మిల్లీగ్రాము కూడా హాని చేస్తుంది. చేపలు గోడకేసి ఒళ్లు రాసుకోవడం, ఎగిరి దూకడం, మొప్పలు వేగంగా ఆడించడం దాని గుర్తులు.

మూత లేని డ్రమ్ములో పట్టి, గాలి రాయి వేసి ఒకటి రెండు రోజులు ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. మూత వేసిన సంపులో నిన్నటి నీళ్లే కదా అని ధైర్యపడటానికి లేదు, గాలి ఆడనిచోట అది నెమ్మదిగా పోతుంది. తొందరగా కావాలంటే సోడియం థయోసల్ఫేట్ వాడతారు. అక్వేరియం కొట్లలో "యాంటీ క్లోరిన్" పేరుతో అమ్మే చాలా సీసాల్లో, పొట్లాల్లో ఉండేది అదే. పలుకుల రూపంలోది ఒక గ్రాము క్లోరిన్‌కు ఏడు గ్రాములు కావాలి. అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 1,200 లీటర్లకు 8.4 గ్రాములు. దానికి రెట్టింపు వేసినా చేపకు ఇబ్బంది లేదు. బకెట్ నీళ్లలో కరిగించి, కుళాయి తిప్పకముందే కొలనంతా చల్లాలి. చేపలు గిజగిజలాడటం మొదలెట్టాక వేస్తే అప్పటికి కాలిన మొప్పలు బాగుపడవు. నీటి సరఫరా సిబ్బంది క్లోరోస్కోప్‌లో వాడే ఆర్థోటోలిడిన్ చుక్కలు ఇంట్లో ఉంటే సందేహం తీరుతుంది. పసుపు రంగు తేలితే క్లోరిన్ ఉన్నట్టు.

అమెరికాలో కథ కొంచెం వేరు. అక్కడ చాలా నగరాల్లో క్లోరిన్‌కు బదులు క్లోరమిన్ కలుపుతారు. క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం ఇది. నిలవ ఉంచితే ఎగిరిపోదు. థయోసల్ఫేట్ దానిలోని క్లోరిన్‌ను చంపుతుంది గానీ అమ్మోనియాను నీళ్లలోనే వదిలేస్తుంది. అమ్మోనియాను కూడా పట్టేసే కండిషనర్ వేరే కొనాలి. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న డాలస్ ఉత్తర శివార్లు, ఫ్రిస్కో, ప్లేనో, అలెన్, మెకిన్నీలకు నీళ్లిచ్చే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఏటా వసంతంలో కొన్ని వారాలు గొట్టాల శుభ్రత కోసం క్లోరమిన్ ఆపి ఉత్త క్లోరిన్ పంపుతుంది. ఏడాదంతా ఒకే కొలత వేసే అలవాటు అక్కడ పనికిరాదు. ఆ నగరాల వెబ్‌సైట్లలో తేదీలు ముందే ప్రకటిస్తారు.

బోరు నీళ్లలో సాధారణంగా క్లోరిన్ ఉండదు. దాని ఇబ్బందులు దానికి ఉన్నాయి. భూమిలోంచి వచ్చిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, కొన్నిచోట్ల ఇనుము, కుళ్లు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా. అప్పుడే తోడిన నీళ్ల పీహెచ్ ఒకటి, గంటసేపు గాలి తగిలాక ఇంకొకటి. కొలిచేది రెండోదాన్ని. పైపు చివర షవర్ తల బిగించి మనిషి ఎత్తు నుంచి జల్లులా పడేలా చేస్తే చాలా వాయువులు దారిలోనే వదిలిపోతాయి. ట్యాంకర్ నీళ్లు ఎక్కడ నింపినవో, ఏం కలిపినవో అమ్మేవాడికే తెలియకపోవచ్చు. ప్రతి ట్యాంకరునూ కొత్త నీటి వనరుగా చూసి పరీక్షించాలి. వాన నీళ్లలో ఆల్కలినిటీ ఉండదు. డాబా మీది వాన గొట్టం కొలనులోకి తిప్పడం ముచ్చటైన ఆలోచనే గానీ, నాలుగు రోజుల ముసురులో అది పీహెచ్‌ను పట్టి ఉంచే నిల్వను కడిగేస్తుంది. డాబా మీది దుమ్మూ, పావురాల రెట్టా అదనం.

ఉష్ణోగ్రత చివరిగా చెబుతున్నా చిన్నది కాదు. మే నెల మిట్టమధ్యాహ్నం మేడ మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకులోంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. అవి కొలనులో పడేచోటికి చేపలు కుతూహలంగా చేరతాయి. మార్పిడికి పొద్దున ఎనిమిది, పది మధ్య సమయం మంచిది. అప్పటికి సూర్యుడు వచ్చి నాచు ఆక్సిజన్ వదలడం మొదలవుతుంది, ట్యాంకు ఇంకా కాలదు, సాయంత్రం దాకా చేపల్ని కనిపెట్టి చూసే వీలూ ఉంటుంది. రాత్రిపూట నీళ్లు పట్టి పడుకోవడం కన్నా చెడ్డ పద్ధతి లేదు.

కోయి కొలనుల్లో నిత్యం వినబడే ప్రమాదం ఏ రసాయన శాస్త్రమూ అక్కర్లేనిది: పైపు వేసి మరచిపోవడం. లోపలికి వెళ్లి వేరే పనిలో పడి, గుర్తొచ్చి వచ్చేసరికి కొలనులో పెద్ద భాగం కుళాయి నీళ్లే. మందు 1,200 లీటర్లకు వేశారు, పట్టింది 5,000 లీటర్లు. 20 లీటర్ల బకెట్ రెండు నిమిషాల్లో నిండే ధారతో 1,200 లీటర్లకు రెండు గంటలు పడుతుంది. అంతసేపు ఎవరూ అక్కడ నిలబడరు. గడియారం తిప్పితే తనంతట మూసుకునే కుళాయి టైమరు ఒకటి కొనుక్కోవడం ఖరీదైన చేప కన్నా చాలా చవక.

అడుగు మడ్డి, ఫిల్టర్

బాగా కట్టిన కొలనులో అడుగు మధ్యకు వాలుగా ఉండి, అక్కడ నాలుగంగుళాల గొట్టం ఉంటుంది. రోజూ కొన్ని క్షణాలు దాన్ని తెరిస్తే మడ్డి పేరుకునే పనే లేదు. లేనిచోట సైఫన్ గొట్టంతోనో, కొలను వ్యాక్యూమ్‌తోనో లాగాలి. ఆకులూ మడ్డీ చాలాకాలంగా అంగుళాల మందాన పేరుకుని ఉంటే అడుగుభాగం నల్లగా, గాలి సోకకుండా ఉంటుంది. దాన్ని చీపురుతో కదిపితే హైడ్రోజన్ సల్ఫైడ్ బయటపడుతుంది, నీళ్లలోని ఆక్సిజన్ కూడా ఒక్కసారిగా పడిపోతుంది. అలాంటి మడ్డిని కదపకుండా ఒక మూల నుంచి కొద్దికొద్దిగా, వారానికి ఒక భాగం చొప్పున పీల్చెయ్యాలి.

ఫిల్టర్‌ను కడగడానికి కొలను నీళ్లే వాడాలి. వదిలెయ్యబోయే నీళ్లు రెండు తొట్లలో పట్టుకుని, స్పాంజిని వాటిలో నాలుగైదు సార్లు పిండితే గోధుమరంగు చిక్కటి మురికి దిగుతుంది. పిండిన నీళ్లు తేటగా వచ్చేదాకా పిండకూడదు. నీళ్లు ధారాళంగా పారేంత ఖాళీ ఏర్పడితే చాలు. రెండు అరలుంటే ఈ వారం ఒకటి, పై వారం ఒకటి. ఫిల్టర్ కడిగిన రోజునే పెద్ద మార్పిడి, అదే రోజు మందు వెయ్యడం, అదే రోజు కొత్త చేపలు వదలడం కూడదు. ఏదైనా తేడా వస్తే దేనివల్లో తెలియదు.

కరెంటు కోతలున్న ఊళ్లలో ఇంకో జాగ్రత్త ఉంది. పంపు ఆగిన ఫిల్టర్లో సూక్ష్మజీవులు మిగిలిన ఆక్సిజన్‌ను త్వరగా ఖర్చు చేసి, ఆ తరవాత చావడం మొదలెడతాయి. కొన్ని గంటల కోత తరవాత పంపు తనంతట మొదలైతే ఆ కుళ్లిన నీళ్లు నేరుగా కొలనులోకి వచ్చిపడతాయి. ముందు ఫిల్టర్ నీళ్లు బయటికి వదిలి, తరవాతే కలపాలి. ఇన్వర్టర్ మీద చిన్న గాలి పంపు ఒకటి ఫిల్టర్లో, ఒకటి కొలనులో నడిచేలా పెట్టుకుంటే ఈ బెడద సగం తీరుతుంది.

గోడల మీది పొట్టి పచ్చటి నాచును అలాగే ఉంచాలి. పొడవాటి దారాల్లా పెరిగేదాన్ని చేత్తో చుట్టి తీసెయ్యొచ్చు. నీళ్లు మొత్తం పచ్చగా మారడానికి యూవీ దీపం మందు. నాచును చంపే రసాయనాలు వేస్తే చచ్చిన నాచు కుళ్లి, తెల్లవారుజామున అసలే తక్కువగా ఉండే ఆక్సిజన్‌ను ఇంకా తగ్గిస్తుంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే 30 డిగ్రీల నీళ్లు ఏడున్నరే పట్టుకుంటాయి. మన వేసవిలో షేడ్ నెట్ కట్టడం, మేత తగ్గించడం, రాత్రంతా గాలి పంపు నడపడం శుభ్రతలో భాగమే.

కొలనును నిజంగా ఖాళీ చెయ్యాల్సిన సందర్భాలు తక్కువ: షీటు చిరగడం, గోడ నెర్రె విచ్చడం లాంటివి. అప్పుడు కొలను నీళ్లతోనే నింపిన తొట్టిలో, గాలి రాళ్లతో, పైన వలతో చేపల్ని ఉంచాలి. కొత్త చోటికి మారిన కోయి తప్పకుండా దూకుతుంది. పెద్ద చేపను వలతో పైకెత్తకూడదు. వలతో మళ్లించి, నీళ్లున్న బేసిన్‌లోకి తోలి, నీళ్లతో సహా ఎత్తాలి. సిమెంటు మరమ్మతు చేస్తే సున్నం ఊరి పీహెచ్ విపరీతంగా పెరుగుతుంది. నింపి, కొన్ని రోజులుంచి, వదిలేసి, మళ్లీ నింపి, పీహెచ్ స్థిరపడేదాకా చేపల్ని దింపకూడదు.

ఉప్పు, జియోలైట్

నైట్రైట్ పెరిగినప్పుడు అయోడిన్ కలపని రాళ్లుప్పు 1,000 లీటర్లకు ఒక కిలో చొప్పున కరిగించి వేస్తే ఉపశమనం ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డుపడుతుంది. ఉప్పు ఆవిరి కాదు, నీళ్లు మార్చినప్పుడే తగ్గుతుంది. ఎప్పుడు ఎంత వేశారో రాసిపెట్టకపోతే మోతాదు మీద మోతాదు పడుతుంది. అమ్మోనియాను పీల్చే జియోలైట్ అనే ఖనిజాన్ని ఉప్పుతో కలిపి వాడటం పెద్ద పొరపాటు. ఉప్పు తగిలితే జియోలైట్ పట్టుకున్న అమ్మోనియాను తిరిగి నీళ్లలోకి వదిలేస్తుంది.

మనిషి భద్రత

నీళ్లలో చెయ్యి పెట్టే ముందు పంపు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు ఊడదీయాలి. కొలను లైనుకు లీకేజీ వస్తే కరెంటు కోసేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఎర్తింగ్ ఉండి తీరాలి. ఇందులో పొదుపు పనికిరాదు. చేతికి కోతలుంటే గ్లవ్స్ వేసుకోవాలి. చేపల నీళ్లలో ఉండే మైకోబ్యాక్టీరియం మారినమ్ అనే సూక్ష్మజీవి గాయం గుండా చేరి నెలల తరబడి మానని పుండ్లు తెస్తుంది. సైఫన్‌ను నోటితో పీల్చి మొదలెట్టడం మానాలి. పసిపిల్లలున్న ఇంట్లో కొలను చుట్టూ కంచె గానీ, పైన గట్టి జాలీ గానీ అవసరం. కొలనులో దోమ లార్వాలను కోయి తినేస్తుంది. కానీ క్లోరిన్ పోవడానికి నిలవ పెట్టిన డ్రమ్ములో చేప లేదు, అక్కడ డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. దానికి పలచటి గుడ్డ కట్టి ఉంచితే గాలీ ఆడుతుంది, దోమా దూరదు.

బయటికి పోయే నీళ్లు

వదిలిన నీళ్లలో నైట్రేట్ ఉంటుంది కనుక అరటి పాదుకూ కొబ్బరి చెట్టుకూ మంచి ఎరువు. ఉప్పో మందో వేసిన నీళ్లు మాత్రం మొక్కలకు పోయకూడదు. వాన కాలువల్లోకీ, ఊరి చెరువులోకీ కొలను నీళ్లు వెళ్లనివ్వకూడదు, చేపల్ని అసలే వదలకూడదు. కార్ప్ జాతిని చంపే కోయి హెర్పిస్ వైరస్ 1998లో ఇజ్రాయెల్, అమెరికాల్లో బయటపడింది. 2003లో జపాన్‌లోని కసుమిగౌరా సరస్సులో పెంపకపు కార్ప్‌లు పెద్ద ఎత్తున చనిపోయాయి. ఈ వైరస్ చేపతోనూ నీళ్లతోనూ మాత్రమే కాదు, తడి వలతోనూ ప్రయాణిస్తుంది. మిత్రుడి కొలను దగ్గర వాడిన వల, బకెట్, సైఫన్ గొట్టం మన కొలనుకు తేకూడదు. తేక తప్పకపోతే బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, థయోసల్ఫేట్ నీళ్లలో జాడించి, ఎండలో పూర్తిగా ఆరాకే వాడాలి. కొత్తగా కొన్న చేపను కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి చూసేటప్పుడు ఆ తొట్టి సామాను కూడా వేరుగా ఉండాలి.